ఏగిస చెట్టు మీది మనిషి

నాచారంలో సత్యవేణి తలుపుల కార్ఖానాకు పనివాళ్ళు పొద్దున రాగానే చేసే మొదటి పని టిఫిన్ డబ్బాలు నీడలో పెట్టుకోవడం. ఆ యార్డులో చెట్టన్నది ఒక్కటీ లేదు. అయినా నీడకు కొదవ లేదు. అడవి నుంచి కొత్తగా దిగిన దుంగలు తమ చెట్ల నీడల్ని వెంట తెచ్చుకుంటాయి. దుంగ నేలమీద అడ్డంగా పడి ఉన్నా సరే, ఎండ తగిలిందంటే దాని మొదలు దగ్గర నుంచి నీడ చెట్టంత చెట్టుగా, కొమ్మలతో ఆకులతో, సిమెంటు నేలమీద పరుచుకుంటుంది. టేకు నీడలో అన్నం చల్లారదని ఒకడంటాడు. మద్ది నీడలో కునుకు బాగా పడుతుందని ఇంకొకడంటాడు. ఎవరికి నచ్చిన నీడలో వాళ్ళు డబ్బా పెట్టుకుని పనిలోకి వెళ్తారు.

ఆ నీడ ఎన్నాళ్ళుంటుందన్నది అడవిలో వెనక ఏం జరిగిందన్న దాన్ని బట్టి ఉంటుంది. నరికిన మోడు చిగురించినా, పక్కన నాటిన మొక్క వేరు పట్టినా, ఇక్కడ నాచారంలో నీడ లేచి వెళ్ళిపోతుంది. ఒక్కోసారి అందరూ అన్నాలు తింటూ ఉండగానే వెళ్ళిపోతుంది. నెత్తిన చుర్రుమనగానే "ఇంటికి వోయింది" అనుకుని, డబ్బాలెత్తుకుని పక్క నీడలోకి జరుగుతారు. అలా నీడ వెళ్ళిన దుంగనే సత్యవేణి రంపం ఎక్కిస్తుంది. నీడ ఉండగా కోస్తే అది తునకలై పలక పలకకూ అంటుకుపోతుంది. అలాంటి పలకతో చేసిన తలుపు బిగించిన ఇంట్లో మిట్టమధ్యాహ్నం కూడా లైటు వేసుకోవాల్సిందే. ఉప్పల్, నాగోల్ కాలనీల్లో ఇల్లు కట్టుకునేవాళ్ళు అందరికీ ఈ సంగతి తెలుసు. తలుపు కొనేముందు దాన్ని ఎండలోకి తీసుకెళ్ళి నిలబెట్టి చూసుకుంటారు.

సత్యవేణిది రాజమండ్రి వైపు. వాళ్ళ నాన్న గోదావరి మీద తెప్పలుగా వచ్చే కలపతో బతికినవాడు. తెప్పలు రావడం తగ్గిపోయాక, పెళ్ళాం పిల్లలతో వచ్చి నాచారంలో షెడ్డు వేశాడు. అమ్మ పోయాక తమ్ముడు జగన్మోహన్‌ని సత్యవేణే పెంచింది. నాన్న పోయాక కార్ఖానా కూడా ఆమే చూసుకుంది. తమ్ముడు కలప కొనుక్కొస్తాడు, ఆమె తలుపులు చేయించి అమ్ముతుంది. రోజూ ఉప్పల్ బస్టాండు వెనక ఉన్న ఫ్లాటు నుంచి స్కూటీ మీద వస్తుంది. వస్తూ వస్తూ వరంగల్ బస్సుల కోసం రింగురోడ్డు దగ్గర నిలబడ్డ జనాన్ని చూసి, వాళ్ళలో అడవి వైపు వెళ్ళేవాళ్ళు ఎవరైనా ఉన్నారేమో అనుకుంటుంది. ఇరవయ్యేళ్ళుగా కలపతో బతుకుతోంది గానీ ఆమె ఒక్కసారి కూడా అడవికి వెళ్ళలేదు.

ఆ ఏడు సంక్రాంతి వెళ్ళగానే, దేశమంతా హోటళ్ళు కట్టే ఒక కంపెనీ ఆమె తలుపులు చూసి ఇష్టపడింది. ఒకటే షరతు పెట్టింది. కలప సర్టిఫికెట్ ఉన్న అడవిదై ఉండాలి. అంటే కొట్టదగ్గ చెట్టునే కొట్టి, విత్తనం రాల్చే తల్లిచెట్లను ముట్టుకోకుండా, కొట్టినచోట మళ్ళీ నాటే ఊళ్ళ నుంచి వచ్చినదై ఉండాలి. ఆ కలపే ఈ కార్ఖానాలోకి వస్తోందనీ, వేరేది కలవడం లేదనీ ఒక మనిషి వచ్చి చూసి ముద్ర వేయాలి.

"మనకెందుకక్కా ఈ తలనొప్పి? ఉన్న గిరాకీ చాలదా?" అన్నాడు జగన్మోహన్.

"నాన్న ఉన్నప్పుడు తెప్పలు ఎందుకు ఆగిపోయాయో నీకు తెలీదురా. నువ్వు అప్పుడు ఉయ్యాల్లో ఉన్నావు. నరికిన చోట మళ్ళీ ఏమీ మొలవలేదు, అంతే. మన తలుపు వల్ల ఒక అడవి బోసిపోకూడదు. ఈ ఆర్డరు రాకపోయినా సరే, నాకా ముద్ర కావాలి," అంది ఆమె.

ఎండలు ముదిరాక సర్టిఫికెట్ సంస్థ నుంచి చూడ్డానికి వచ్చిన మనిషి పేరు కామరాజు. మల్కాజిగిరిలో రైల్వే క్వార్టర్లలో పెరిగినవాడు. నెమ్మదస్తుడు. వచ్చీ రాగానే కుర్చీలో కూర్చోకుండా యార్డంతా తిరిగాడు. ఒక్కో దుంగ దగ్గర ఆగి, నీడ అంచున చెప్పులు విడిచి, లోపలికి అడుగుపెట్టి తలెత్తి చూసేవాడు. పైన ఆకాశం తప్ప ఏమీ ఉండదు. అయినా అలా చూడటం అతనికి అలవాటు. అతను చూస్తుండగానే ఒక టేకు నీడ లేచి వెళ్ళిపోయింది. సత్యవేణి మొహం వెలిగిపోయింది.

"బాగుందమ్మా. అన్నీ ఇళ్ళకు వెళ్తున్నాయి. ఆ వెనక షెడ్డులో ఏమున్నాయి?" అన్నాడు.

"ఏగిస దుంగ సార్. ఒక్కటే," అన్నాడు జగన్మోహన్ ముందుకు వచ్చి. "తడి ఆరలేదు. ఎండ తగిలితే పగుళ్ళిస్తుందని లోపల పెట్టాం."

"ఒక్క నిమిషం ఎండలో పెడితే ఏం కాదు లెండి."

"ఎందుకు సార్, ఇప్పుడు క్రేన్ ఖాళీ లేదు..."

"నేను ఖాళీగనే ఉన్న గద పటేలా," అన్నాడు క్రేన్ నడిపే భూషణం, అమాయకంగా.

దుంగ పెద్దది. ఇద్దరు చేతులు చాపి పట్టుకున్నా అందనంత లావు. భూషణం దాన్ని గొలుసులతో ఎత్తి, నెమ్మదిగా వెనక్కి నడుపుకుంటూ యార్డు మధ్యకు తెచ్చాడు. షెడ్డు రేకుల చాటు దాటి ఎండలోకి రాగానే నీడ విచ్చుకుంది. ముందు మాను, తర్వాత కొమ్మలు. యార్డు చాలక గోడ ఎక్కి, గోడ దాటి, పక్క ఫ్యాక్టరీ రేకుల మీదికి కూడా పాకింది. అంత పెద్ద నీడ ఆ కార్ఖానాలోకి ఎప్పుడూ రాలేదు. చల్లటి గాలి తగిలినట్టయి పనివాళ్ళు నవ్వుతూ తలలెత్తారు.

తర్వాత ఒక్కొక్కరే నవ్వు ఆపేశారు.

నీడల్లో పిట్టగూళ్ళు వాళ్ళకు మామూలే. ఒకసారి తేనెపట్టు కూడా చూశారు. ఈ నీడలో, రెండు కొమ్మలు పంగలా చీలిన చోట, ఒక మనిషి ఉన్నాడు. రెండు చేతులతో మానును వాటేసుకుని, కాళ్ళు మెలిపెట్టి, తల కిందికి వంచి ఉన్నాడు. నోరు తెరిచి ఉంది. తలకు చుట్టిన తువ్వాలు కొస ఊడి వేలాడుతోంది. నీడకు గొంతు ఉండదు. కానీ అతను అరుస్తున్నాడని అక్కడున్న అందరికీ అర్థమైంది.

రంపం మోత ఆగిపోయింది. ఎవరు ఆపారో ఎవరికీ తెలీదు. గొలుసులకు వేలాడుతున్న దుంగ కొద్దిగా ఊగింది. దాంతోపాటు చెట్టూ ఊగింది, మనిషీ ఊగాడు. పట్టు మాత్రం వదల్లేదు.

"దించు. మెల్లగా దించు అన్నా," అంది సత్యవేణి.

కామరాజు నేలమీద చతికిలబడ్డాడు. తర్వాత ఆ పంగను చూపించాడు.

"ఈ చెట్టు నాకు తెలుసమ్మా. ఏటూరునాగారం అవతల ఒక గూడెం వాళ్ళది. వాళ్ళ అడవికి సర్టిఫికెట్ ఇచ్చింది మేమే. మూడు తల్లిచెట్లుంటే ఇది అన్నిటికన్నా పెద్దది. చుట్టుపక్కల ఏగిస మొక్కలన్నీ దీని గింజలే. ఆ చెట్టును కాచే పని గూడెమంతా కలిసి పూనెం సమ్మయ్య అనే ఆయనకు అప్పజెప్పింది. శివరాత్రి దాటాక ఒకరోజు చూస్తే చెట్టు లేదు. మోడు పక్కన సమ్మయ్య స్పృహ లేకుండా పడి ఉన్నాడు."

"మరి..."

"ఆయనే అమ్ముకున్నాడన్నారు. నరికేవాళ్ళకు తాడు కట్టి ఇవ్వడానికి ఎక్కి, జారిపడ్డాడన్నారు. ఊరు నమ్మింది. నేనూ నమ్మాను. గూడేనికి ముద్ర తీసేశాం. ఆయన ఇక్కడే, ఈ సిటీలోనే పెద్దాసుపత్రిలో ఉన్నాడు. ఇంకా లేవలేదు. చూడ్డానికి వాళ్ళ ఊరి నుంచి ఒక్కరూ రాలేదట. పెళ్ళాం ఒక్కతే ఉంటోంది."

భూషణం క్రేన్ దిగి వచ్చి నీడ అంచున నిలబడ్డాడు. "తాడు కట్టేటోడు చెట్టును గట్ల పట్టుకుంటడా సార్? పిల్లను పట్టుకున్నట్టు పట్టుకున్నడు. ఆయన పైనుండంగనే కోసిన్రు."

సత్యవేణి తమ్ముడి కోసం చూసింది. జగన్మోహన్ నీడ వైపు చూడటం లేదు. షెడ్డు స్తంభానికి ఆనుకుని తన బూట్లు చూసుకుంటున్నాడు.

కామరాజు లేచి పోలీసులకు ఫోన్ చేశాడు. "నేను వెళ్ళి ఆవిడను తీసుకొస్తాను. ఆమె చూసి చెప్పాలి. అప్పటిదాకా దుంగను కదపకండి," అని స్కూటర్ తీశాడు.

అతను గేటు దాటాక సత్యవేణి షెడ్డులోకి వెళ్ళింది.

"జగన్."

"నాకు తెలీదక్కా."

"నేనింకా ఏమీ అడగలేదు."

అతను మొహం తుడుచుకున్నాడు. "సర్టిఫికెట్ ఉన్న కలపే అని చెప్పారు. నిజమే కదా, అప్పటికి ఆ అడవికి ఉంది కదా. నరికేటప్పుడు నేను లేను. లారీ ఎక్కించేటప్పుడు వెళ్ళాను. అక్కడ హోటల్లో టీ తాగుతుంటే కలప అమ్మిన బ్రోకరు నవ్వుతూ చెప్పాడు. ఒకడు ఎక్కి కూర్చున్నాడు, ఎంత దిగమన్నా దిగలేదు, మావాళ్ళు రంపం ఆపలేదు అని."

"నవ్వుతూ చెప్పాడా?"

"అవును."

"నువ్వేం చేశావు?"

జగన్మోహన్ గేటు వైపు చూశాడు.

"అది తెలిశాక దుంగను తీసుకొచ్చావు. రాత్రికి రాత్రి తెచ్చి, ఎండ తగలకుండా చీకట్లో పెట్టావు. అంటే దాంట్లో ఏముందో నీకు తెలుసు. ఇన్ని రోజులూ నా పక్కన కూర్చుని అన్నం తిన్నావు."

"నువ్వే కదా ముద్ర కావాలన్నావు! అంత పెద్ద ఆర్డరుకు సరిపడా సర్టిఫికెట్ కలప ఎక్కడ దొరుకుతుంది? ఆ గూడేలవాళ్ళు ఏడాదికి నాలుగు చెట్లు కొడతారు, నలభై మొక్కలు నాటుతూ కూర్చుంటారు. నేనెక్కడి నుంచి తేను?" అని అరిచి, వెంటనే గొంతు తగ్గించాడు. "అక్కా, ఒక్క మాట విను. కోసేద్దాం. పోలీసులు వచ్చేలోపు కోసేస్తే నీడ తునకలైపోతుంది. అందులో ఎవరున్నారో ఎవరూ చెప్పలేరు. నేను జైలుకు పోతానక్కా."

ఆమె అతని మొహంలోకి చూస్తూ ఉండిపోయింది. చిన్నప్పుడు జ్వరమొస్తే తన ఒళ్ళోనే పడుకున్న పిల్లాడు వీడేనా అని కాదు. వీడే. అదే ఆమెకు మింగుడుపడలేదు. ఏదో పట్టుకుందామని గోడవైపు తిరిగింది.

ఆ కాసేపట్లోనే అతను మూలనున్న పెట్రోలు రంపం అందుకుని బయటికి పరిగెత్తాడు. ఎవరూ ఊహించలేదు. భూషణం "ఓ పటేలా!" అని కేకేసేలోపు రంపం గుర్రుమంది. పళ్ళు దుంగ బెరడులో దిగాయి. ఏగిసకు గాటు పడితే ఎర్రటి బంక కారుతుంది. ఆ దుంగ నెలల తరబడి ఎండ మొహం చూడకపోవడంతో లోపలి బంక ఇంకా ఆరలేదు. రంపపు పొట్టుతో పాటు ఎరుపు చిమ్మి జగన్మోహన్ చొక్కా మీద పడింది. నేలమీది నీడలో మనిషి కాళ్ళు ఇంకా గట్టిగా మెలిపడ్డాయి. తల మానుకు ఆనించాడు. ఒకసారి అనుభవించినదాన్ని మళ్ళీ అనుభవిస్తున్నవాడిలా బిగుసుకుపోయాడు.

సత్యవేణి పరిగెత్తుకొచ్చి, రంపం దిగుతున్నచోటికి జానెడు దూరంలో దుంగ మీద కూర్చుంది. రెండు చేతులూ బెరడు మీద ఆనించి తమ్ముడి కళ్ళలోకి చూసింది. చీర కుచ్చెళ్ళు ఎర్రగా తడిసిపోతున్నాయి. రంపం మోతకు దుంగ వణుకుతోంది, దానితో ఆమె కూడా వణుకుతోంది.

జగన్మోహన్ రంపం ఆపాడు. దాన్ని నేలమీద పెట్టి, అక్కడే మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

"లే అక్కా, నేనింక ముట్టుకోను," అన్నాడు. ఏడుస్తున్నాడు. ఆమె లేవలేదు. పోలీసులు వచ్చేదాకా అలాగే కూర్చుంది.

ఇన్‌స్పెక్టర్ వచ్చి, నీడను చూసి, టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. కానిస్టేబుల్ చేత సుద్దతో మనిషి చుట్టూ గీత గీయించి, ఫోటోలు తీయించాడు. జగన్మోహన్‌ను ఎవరూ ఏమీ అడగకముందే అతనే లేచి వెళ్ళి, హోటల్లో విన్నదంతా చెప్పాడు. బ్రోకరు పేరు చెప్పాడు. చెప్తున్నంతసేపూ నీడకు వీపు పెట్టి నిలబడ్డాడు.

"ఇటు తిరిగి చెప్పు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. అతను తిరగలేకపోయాడు.

అప్పుడే కామరాజు సమ్మయ్య భార్య ముత్తక్కను తీసుకుని వచ్చాడు. సన్నటి మనిషి. నైలాన్ చీర, మెడలో ఆసుపత్రి పాసు. దారిలో కామరాజు ఏం చెప్పాడో గానీ, స్కూటర్ దిగేదాకా ఆమెకు నమ్మకం కలిగినట్టు లేదు. గేటులోంచే నీడను చూసింది. కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఆయనే," అంది. "గా తువ్వాల నేను కట్టిందే." తర్వాత కామరాజు వైపు తిరిగింది. "అమ్ముకున్నడన్నరు సారూ. మా మరదులు సుత అన్నరు. దవాఖానకు మొకం సూపియ్యలే ఒక్కలు. నేను సుత... ఒక్క దినం నేను సుత అనుకున్న, ఏమో పిల్లల కోసం ఆశపడ్డడేమో అని."

ముత్తక్క చెప్పులు విడిచి నీడలోకి నడిచింది. మాను పొడవునా నడిచి, పంగ దాకా వెళ్ళి, అతని కాళ్ళ దగ్గర కూర్చుంది. సిమెంటు నేల మీద చెయ్యి పెట్టింది.

"దిగయ్యా," అంది.

నీడ కదల్లేదు.

"దిగు. నేనే. ముత్తక్కను."

అతని తల కొద్దిగా తిరిగింది. మళ్ళీ మానుకు ఆనుకుంది.

"దిగితే కొడతరని దిగుతలేడు," అంది ఆమె వెనక్కి తిరిగి, అక్కడున్న వాళ్ళందరికీ సంజాయిషీ చెప్తున్నట్టు. తర్వాత దుంగ వైపు చూసింది. దాని మీద కూర్చున్న సత్యవేణిని చూసింది, ఎర్రబడ్డ చీర చూసింది. ఎవరో ఏమిటో అడగలేదు. ఆ చూపు చాలాసేపు అక్కడే ఆగింది. ఆమె అతనికి ఏం చెప్పాలో తేల్చుకుంటోందని సత్యవేణికి తెలుస్తూనే ఉంది. అది ఎంత కష్టమైన మాటో కూడా తెలుస్తోంది.

ముత్తక్క అతని పక్కకు ఒరిగి, చెవి ఉండేచోట నోరు పెట్టి మాట్లాడింది. "చెట్టు వడ్డదయ్యా. నువ్వుండంగనే వడ్డది. నువ్వు మంచిగనే కాసినవ్, నీ తప్పు లేదు. ఇగ కాయనీకి ఏం లేదు. దిగు."

నీడ నోరు మూసుకుంది. అంతసేపూ తెరిచే ఉన్న నోరు. మానును పట్టుకున్న చేతులు మెల్లగా జారాయి. అతను తల ఎత్తి పైకొమ్మల్ని చూశాడు, తర్వాత కిందికి చూశాడు. చాలాసేపు చూశాడు. ఒక మనిషికి తన ఇల్లు కూలిందన్న సంగతి తెలియడం అక్కడున్న వాళ్ళందరూ చూశారు. భూషణం తల పక్కకు తిప్పుకున్నాడు. కామరాజు కళ్ళద్దాలు తీసేశాడు.

అప్పుడు అతను దిగడం మొదలుపెట్టాడు. బాగా తెలిసిన చెట్టు దిగుతున్నవాడిలా, చూడకుండానే ఎక్కడ కాలు పెట్టాలో తెలిసి దిగాడు. కింద ఒకసారి ఆగి, మానును అరచేత్తో తట్టాడు. నేలమీదికి దిగి ముత్తక్క నీడ పక్కన నిలబడ్డాడు. ఆమెకన్నా జానెడు పొడుగు. సుద్దగీత ఖాళీగా మిగిలింది.

"దవాఖానకు పోవాలె. జల్ది," అంది ముత్తక్క.

సత్యవేణి అప్పుడు లేచింది. ఆటో పిలిచింది. వెళ్ళేముందు తమ్ముడి దగ్గర ఆగింది. అతను జీపు పక్కన తలదించుకుని ఉన్నాడు.

"నన్ను మళ్ళీ ఇంటికి రానిస్తావా?" అన్నాడు ముందూ వెనకా లేకుండా.

"ముందు స్టేషన్‌లో కూడా అంతా చెప్పు. ఆ బ్రోకరు నవ్వాడని కూడా చెప్పు," అంది ఆమె. ఆటో ఎక్కింది.

ఆటోలో ముత్తక్క ఎండపడే వైపు కూర్చుంది. పక్కన సీటు మీద నీడ ఉంది. డ్రైవరు అద్దంలో చూసి, "పడకుండ పట్టుకోండమ్మా, రోడ్డు మంచిగ లేదు," అన్నాడు. హబ్సిగూడ చౌరస్తాలో బండి మెట్రో వంతెన కిందికి వెళ్ళగానే పక్కన ఏమీ లేకుండా పోయింది. ముత్తక్క "అయ్యో!" అని సత్యవేణి చెయ్యి పట్టుకుంది. ఆ పట్టు ఎంత గట్టిదంటే గోళ్ళు దిగాయి. వంతెన నీడ దాటి ఎండలోకి రాగానే మళ్ళీ సీటు మీద మనిషి కనిపించాడు. అయినా ముత్తక్క చెయ్యి వదల్లేదు. ఎవరి చెయ్యి పట్టుకుందో ఆమెకింకా తెలీదు. తెలిస్తే ఏమంటుందోనని సత్యవేణి దారంతా ఆ చెయ్యి కదపకుండా కూర్చుంది.

వార్డులో సమ్మయ్య మంచం కిటికీ పక్కన ఉంది. అతను వచ్చిన రోజే నర్సులు చూశారట, దుప్పటి మీద, గోడ మీద అతని నీడ పడటం లేదని. జ్వరం చూసినప్పుడల్లా అదీ చూసి, "ఇంకా రాలేదా?" అని ముత్తక్కను అడిగి వెళ్ళేవారు. ఇప్పుడు ముత్తక్క వెనకాలే ట్యూబులైట్ల వెలుగులో పలచగా నడిచి వస్తున్న నీడను చూసి, డ్యూటీ నర్సు మందుల బండి పక్కకు లాగి దారి ఇచ్చింది.

నీడ మంచం పక్కన కాసేపు నిలబడింది. తర్వాత ఎక్కి, అతని కింద పడుకుంది.

ఏమీ జరగలేదు. బయట ఎవరో ఫోన్‌లో గట్టిగా మాట్లాడుతున్నారు. ఆటో వెనకే స్కూటర్ మీద వచ్చిన కామరాజే. గూడెం పెద్దతో మాట్లాడుతున్నాడు. "కాదు పెద్దయ్యా, అమ్ముకోలేదు. కాపాడుతూ పడ్డాడు. నేను చూశాను. అందరం చూశాం. అందర్నీ పిలిచి చెప్పండి. మీ ముద్ర మీకు తిరిగి ఇప్పించే పూచీ నాది. ముందు మనుషులు వచ్చి ఆయన్ని చూడండి."

ఆ మాటలు వింటున్నాడా అన్నట్టు సమ్మయ్య కనుబొమ్మలు ముడిపడ్డాయి. వేళ్ళు దుప్పటిని గట్టిగా పట్టుకున్నాయి. ఒక్కొక్కటే వదిలాయి. కళ్ళు తెరిచాడు.

ముత్తక్క అతని ఛాతీ మీద చెయ్యి వేసి, అక్కడే తల ఆనించి, శబ్దం లేకుండా ఏడ్చింది. నర్సు డాక్టరు కోసం పరిగెత్తింది. చెంచాతో నీళ్ళు పట్టారు. అతను మింగాడు. చాలాసేపటికి గొంతు పెగిలింది.

"గింజలు ఏరిన్రా?" అన్నాడు.

"లేదు," అంది ముత్తక్క. "ఎవ్వలు పోలే అటు దిక్కు."

"వానలకు ముందే ఏరాలె. మోడు సుట్టూత ఉంటయి. ఎర్ర మట్టిల వెయ్యమను." ఆ మాత్రానికే అలిసిపోయి కళ్ళు మూసుకున్నాడు. మళ్ళీ తెరిచినప్పుడు, మంచం కాళ్ళ దగ్గర గోడకు ఆనుకుని నిలబడ్డ సత్యవేణి కనిపించింది. చీర నిండా ఎండిన ఏగిస బంక. ఆ రంగు అతనికి తెలుసు. చూపు అక్కడే నిలిచిపోయింది.

"ఎవలు గామె?"

"నీ చెట్టును కోయనియ్యలే. మీద కూసున్నది," అంది ముత్తక్క.

ఊరుకుంటే సరిపోయేది. ఊరుకుందామని ఒక్క క్షణం అనిపించింది కూడా. సత్యవేణి గోడను వదిలి ఒక అడుగు ముందుకు వేసింది.

"ఆ దుంగ మా కార్ఖానాకే వచ్చిందన్నా. తెచ్చింది నా తమ్ముడు. మీరు పైన ఉండగానే కోశారని తెలిసీ తెచ్చాడు. నేను వాడి అక్కను."

ముత్తక్క తల ఎత్తింది. దారంతా పట్టుకుని వచ్చిన ఆ చేతిని, దానిమీద తన గోళ్ళ గుర్తుల్ని చూసింది. మొహం రాయిలా అయిపోయింది. సమ్మయ్య పైకప్పు వైపు చూస్తూ ఉండిపోయాడు. గోడమీద అతని నీడ ఊపిరితో పాటు పైకీ కిందికీ ఆడుతోంది. సత్యవేణి పంపించేయమంటారని ఎదురుచూసింది. కాళ్ళు వణుకుతున్నాయి. పడిపోకుండా మంచం కమ్మీ పట్టుకుంది.

చివరికి సమ్మయ్య, ఆమెను కాదు, పెళ్ళాన్నే చూసి అన్నాడు.

"కాళ్ళు వణుకుతున్నయి. కూసోమను."